గోడ మీద డొల్ల చప్పుడు

ఫోన్ చేసే పిల్లలకు

మొజాయిక్ పని నేర్చుకోవాలని ఉందంటూ ఈ మధ్య నాకు ఫోన్లు వస్తున్నాయి. ఎక్కువమంది ఆడపిల్లలే. ఎక్కడో బొమ్మలు చూసి ముచ్చటపడి ఉంటారు. ఎంతకాలం పడుతుంది, ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుంది అని అడుగుతారు. గోడ గురించి మాత్రం ఒక్కరూ అడగరు. అందుకే రంగుల సంగతి పక్కనపెట్టి గోడ సంగతి రాస్తున్నాను.

మా నాన్న నందిగామలో గచ్చు మేస్త్రీ. అప్పట్లో కాస్త కలిగినవాళ్ళ ఇల్లంటే మొజాయిక్ గచ్చు ఉండాల్సిందే. సిమెంటులో చలువరాతి ముక్కలు కలిపి పరిచి, గట్టిపడ్డాక మిషనుతో అరగదీసి నునుపు తేల్చేవాళ్ళు. నేను నాన్న వెనకాల ముక్కలు ఏరుతూ పెరిగాను. తరవాత గ్రానైటు, టైల్సు వచ్చి ఆ గచ్చులను మింగేశాయి. నాన్న పని మానుకున్నాడు. నేను గచ్చు వదిలి గోడ పట్టుకున్నాను. పగిలిన టైల్సు, పింగాణీ పెంకులు, గాజు ముక్కలు గోడ మీద బొమ్మగా అతికించడం, ఆ పని నలుగురికీ నేర్పడం, ఇదే నా బతుకుతెరువు అయింది.

తొంభైల్లోనూ ఆ తరవాతి పదేళ్ళూ నా బతుకు బస్సుల్లోనే గడిచింది. జగ్గయ్యపేటలో సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్స్ స్కూలు గోడ, కంచికచర్లలో ఒక కల్యాణమండపం, చందర్లపాడు వైపు పల్లెల్లో చర్చిలు. నా వెంట ఎప్పుడూ ఒక గోనెసంచి ఉండేది. అందులో ఏముందని కండక్టరు అడిగితే పగిలిన ప్లేట్లని చెప్పేదాన్ని. పగిలినవి మోసుకుపోవడమేంటని ఒకాయన సంచి విప్పి చూసి, ఆ తరవాత నా వంక జాలిగా చూసి ముందు సీటు ఇప్పించాడు.

ఈ పనిలో కళ పాలు కొంచెం, నడుంనొప్పి పాలు ఎక్కువ. పెంకు కొట్టేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోని పిల్లలను నేను క్లాసులోంచి పంపించేసేదాన్ని. దాంతో నాకు గయ్యాళి టీచరని పేరొచ్చింది. ఆ పేరు వల్ల నాకు నష్టమేమీ జరగలేదు, వాళ్ళ కళ్ళు బాగానే ఉన్నాయి.

చెవితో చూడటం

బొమ్మ అతికించడం పూర్తయ్యాక నేను చేసే మొదటి పని తాపీ పిడితో దాన్ని మెల్లగా కొట్టి వినడం. బొమ్మ గోడను గట్టిగా పట్టుకుంటే చప్పుడు పొడిగా, కురచగా వస్తుంది. లోపల ఎక్కడైనా వదిలేస్తే చప్పుడు సాగుతుంది, డొల్లగా మోగుతుంది. పైకి ఏ తేడా కనబడదు. ఊరంతా వచ్చి ఫొటోలు దిగినా ఎవరికీ అనుమానం రాదు. ఎండకూ వానకూ ఆ సందు పెరుగుతూ పోయి, ఒకరోజు ఎవరి నెత్తినో పడుతుంది. చిన్న బొమ్మయినా కింద సిమెంటు పూతతో కలిపితే నలుగురు మోసే బరువు.

డొల్ల చప్పుడు విన్నప్పుడు ఏం చెయ్యాలో పుస్తకాల్లో ఉంటుంది. దాన్ని విన్నామని ఎవరికి, ఎలా చెప్పాలో ఉండదు. అది నాకు చందర్లపాడు దగ్గర ఒక పల్లెలో తెలిసింది.

సలోమి

నందిగామ ట్రైనింగ్ సెంటరులో ఆడవాళ్ళకు మేస్త్రీ పని నేర్పే బ్యాచ్ ఒకటి పెట్టారు. గోడ కట్టడం, పూత పూయడం, చివర్లో నా మొజాయిక్. చాలామంది మధ్యలోనే మానేశారు. మొగుడు వద్దన్నాడని ఒకరు, అత్త ఒప్పుకోలేదని ఒకరు. నిలబడ్డవాళ్ళలో సలోమి ఒకతి. మిర్చి కోతలకు పోయే మనిషి. రెండేళ్ళ పాపను చంకనేసుకుని బస్సెక్కి వచ్చేది. చెయ్యి నిదానం, చూపు గట్టిది. ఒక ముక్క నచ్చకపోతే నేను చెప్పకముందే తీసేసేది.

ఆమె అత్త కరుణమ్మ వాళ్ళ పల్లె చర్చికి కాపలా మనిషిలాంటిది. గంట కొట్టడం, ఊడ్చడం, పండక్కి సున్నం వెయ్యడం అన్నీ ఆమె చేతి మీదే. భర్త పోయాక ఆ చర్చే ఆమెకు ఇల్లయింది. కోడలు తాపీ పట్టడం ఆమెకు మొదట్లో గిట్టలేదు. కానీ చర్చి గుమ్మం పైన బొమ్మ పెట్టే పని సలోమికే ఇస్తున్నారని తెలిశాక మాత్రం ఊళ్ళో ఇంటింటికీ తిరిగి చెప్పింది.

బొమ్మ ఏదో పెద్దలు ముందే నిర్ణయించారు. నీళ్ళమీద పడవ, పడవలోంచి వల, వలనిండా చేపలు. ముక్కల కోసం ప్రతి ఇంటివాళ్ళూ ఏదో ఒకటి ఇచ్చారు. అంచు విరిగిన సాసరు, పెళ్ళికి వచ్చి ఎన్నడూ వాడని ప్లేటు, చెవి ఊడిన కప్పు. ఒక ముసలాయన ఒక పింగాణీ కప్పు తెచ్చాడు. అది ఆయన పాలేరుగా ఉన్న ఇంట్లో చూరులో ఆయన కోసం విడిగా పెట్టిన కప్పట. పని మానేసిన రోజు దాన్ని వెంట తెచ్చుకున్నాడట. ఇన్నేళ్ళు ఎందుకు దాచావని ఎవరూ అడగలేదు. సలోమి దాన్ని చిన్నచిన్న ముక్కలుగా కొట్టి పెద్ద చేప పొలుసులకు వాడింది.

ఈ పద్ధతిలో బొమ్మను ముందు కిందనే చేస్తాం. కాగితం మీద తిరగేసి గీసి, ముక్కలను ముఖం కిందికి ఉండేలా మైదా జిగురుతో అతికించి, తరవాత ఆ కాగితాలను గోడ మీది పచ్చి సిమెంటుకు ఒత్తేస్తాం. మర్నాడు కాగితం తడిపి ఊడదీస్తే బొమ్మ సూటిగా కనబడుతుంది. ఈలోపు గోడ సిద్ధం కావాలి. సున్నం మీద సిమెంటు పట్టదు కాబట్టి ఎన్నో ఏళ్ళ సున్నం పొరలు గీకి, ఇటుక కనబడేదాకా గాట్లు పెట్టాలి. సలోమి ఆ పని శనివారం పూర్తి చేసింది. నేను వెళ్ళి చూసి బాగుందన్నాను. సోమవారం నుంచి నాకు జగ్గయ్యపేటలో క్లాసు ఉంది. అతికించే పని ఆమే చేస్తానంది, నేనూ ఒప్పుకున్నాను. తను చెయ్యగలదు. ఆ మాట ఇప్పటికీ అంటాను.

పెళ్ళికి ముందు రోజు

నేను తిరిగి వచ్చిన రోజు ఆ పల్లెలో హడావిడిగా ఉంది. మర్నాడు ఊరి పెద్ద ఏసురత్నం కూతురు పెళ్ళి. ఆయన చర్చి పెద్ద కూడా. కొత్త బొమ్మ కింద నడిచి లోపలికి వెళ్ళే మొదటి పెళ్ళికూతురు తన బిడ్డే కావాలని ఆయనే పెళ్ళి తేదీ అలా పెట్టించుకున్నాడు. చర్చి పక్కన గాడిపొయ్యి తవ్వుతున్నారు.

బొమ్మ చూసి నా కళ్ళు నిజంగానే చెమర్చాయి. చేపలు వలలో కదులుతున్నాయేమో అనిపించింది. సలోమి పరంజా పక్కన నిలబడి నా ముఖం వంక చూస్తోంది. శభాష్ అని, తాపీ తీసుకుని పైకెక్కాను. అంచుల్లో కొట్టాను. బాగుంది. మధ్యకు వచ్చి పడవ మీద కొట్టాను.

డొల్లగా మోగింది. వల మీద, చేపల మీద కూడా అంతే. అంచు దగ్గర చాకుమొన దూర్చి లాగితే తెల్లటి పొడి రాలింది. సిమెంటు వెనక తెల్ల పొడి ఉండకూడదు. అక్కడ ఎర్రటి ఇటుక ఉండాలి.

కిందికి దిగి సలోమిని చర్చి వెనక్కి తీసుకెళ్ళి గోడకు ఏమైందని అడిగాను. జరిగింది చెప్పింది. శనివారం సాయంత్రం తను ఇంటికి వెళ్ళాక కరుణమ్మ చర్చి ముందుకొచ్చి చూసింది. మర్నాడు ఆదివారం. దేవుని మందిరం ముఖమంతా గాట్లతో ఉంటే ఆరాధనకు ఎలా వస్తారని ఆమెకు ప్రాణం ఒప్పలేదు. ఆడవాళ్ళను పోగేసి గాట్లనిండా సున్నం పూసేసింది. సోమవారం పొద్దున సలోమి వచ్చేసరికి గోడ తెల్లగా మెరుస్తోంది. అత్త పక్కనే నిలబడి, నీ బొమ్మకు ఎంత శుభ్రం చేసి పెట్టానో చూశావా అంది.

"ఆమె మొహం చూసి చెప్పలేకపోయానండి," అంది సలోమి. "నేను తాపీ పట్టినకాడ్నుంచీ ఆమె నాతో నవ్వుతా మాట్టాడింది ఆ రోజేనండి. బ్రష్షుతో తడిపి తోమా. పోయిందనుకున్నా."

తోమితే పైపొర పోతుంది, గాట్లలో దూరింది పోదు. అది ఆమెకూ తెలుసు. నేను తిట్టబోయి ఆగాను. ఇంట్లో అత్తకు ఎదురు చెప్పి బతికిన కోడళ్ళు నాకు ఎంతమంది తెలుసు గనక.

సూపర్‌వైజరు గారి లెక్క

ట్రైనింగ్ సెంటర్ సూపర్‌వైజరు గారు పెళ్ళి పిలుపు మీద స్కూటరేసుకుని అప్పుడే వచ్చారు. ఆయనకు సంగతి చెప్పి, బొమ్మ దింపాలన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆడవాళ్ళ బ్యాచ్ కోసం పైవాళ్ళతో ఆయనే పోట్లాడాడు. అందుకే ఆయన మాట నన్ను ఎక్కువ ఇరకాటంలో పెట్టింది.

"ఇప్పుడు దింపితే ఏమంటారో తెలుసా టీచర్ గారూ," అన్నాడు గొంతు తగ్గించి. "ఆడోళ్ళకి తాపీ ఇస్తే ఇట్టాగే ఉంటదంటారు. బ్యాచ్ మూసేస్తారు. అది నిన్నగాక మొన్న పెట్టిన బొమ్మ. పెళ్ళి అయిపోనివ్వండి. తర్వాత రిపేరని చెప్పి నిదానంగా తీద్దాం. ఒక్క పూట ఆగదా అండి?"

ఒక్క పూట ఆగేదేమో. ఈ మాట దాచను, నాకూ ఆశ పుట్టింది. సలోమి పేరు నిలబడుతుంది, కరుణమ్మ పేరు బయటికి రాదు, బ్యాచ్ ఉంటుంది. కానీ పెళ్ళిరోజు ఆ గుమ్మం కిందే డప్పులు మోగుతాయి, పిల్లలు గంట తాడు పట్టుకు లాగుతారు, తలుపులు దడదడలాడతాయి. దాని కింద పెళ్ళికూతురు నిలబడుతుంది. దింపాల్సిందేనని చెప్పాను. అయితే ఆ మాట ఊరివాళ్ళకు మీరే చెప్పుకోండని ఆయన పక్కకు తప్పుకున్నాడు.

నేను చెబుదామని కదిలేలోపే సలోమి వెళ్ళి ఏసురత్నం ముందు నిలబడింది. బొమ్మ గోడను సరిగ్గా పట్టుకోలేదు, ఇప్పుడే దింపాలి అంది. ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది.

"రేపు నా బిడ్డ పెళ్ళి పెట్టుకుని ఇయ్యాలా చెప్పేది? ఎవరి తప్పిది?"

కరుణమ్మ అక్కడే ఉంది. చీపురు చేతిలో ఉంది.

"నాదేనండి," అంది సలోమి. "గోడ సరిగ్గా కడగలేదు."

గుడ్డ, బంక, మోకులు

బొమ్మను పగలగొట్టి దింపడం చిటికెలో పని. ఏసురత్నం మనుషులు గునపాలు కూడా తెచ్చారు. సలోమి వాటికి అడ్డం నిలబడింది. ఊరి పింగాణీ అంతా అందులో ఉంది. నేను మా నాన్న దగ్గర ఒక పాత గచ్చు బొమ్మను చెదరకుండా లేపడం చూశాను. అది ప్రయత్నిద్దామన్నాను. సాయంత్రంలోపు కాకపోతే గునపాలేనని ఏసురత్నం అన్నాడు.

వడ్రంగులు చెక్కలకు వాడే బంక తెప్పించి గాడిపొయ్యి మీద ఉడికించాం. ఆ కంపుకు వంటవాళ్ళు మమ్మల్ని తిట్టారు. ఇళ్ళలోంచి పాత పంచెలు, చీరలు తెచ్చి చింపి, ఆ బంకతో బొమ్మ ముఖానికి వరసలుగా అతికించాం. గుడ్డ ఆరి బిగుసుకుంటే ముక్కలన్నీ దాన్ని పట్టుకునే ఉంటాయి. ఎండాకాలం కావడం మా అదృష్టం. కింద గడ్డి పరిచి పరుపులు వేశారు. బొమ్మకు దాపుగా బల్ల నిలబెట్టి ఒక మోకు కట్టి, రెండోది కడుతున్నారు. సలోమి పరంజా ఎక్కి పైఅంచున సన్నటి ఇనప ఊచ దూర్చి మెల్లగా కదిలించడం మొదలుపెట్టింది. నేను కింది పలక మీద ఉన్నాను.

సున్నం పొడి మా జుట్టు మీద రాలుతోంది. ఊచ అంచు వెంట మూడొంతులు తిరిగిందో లేదో, లోపల ఏదో తెగినట్టు చిన్న చప్పుడైంది. బొమ్మ దానంతటదే ముందుకు వంగింది. ఇంకా రెండో మోకు ముడి వెయ్యలేదు. సలోమి ఊచ వదిలేసి భుజం అడ్డం పెట్టింది. ఆమె కాళ్ళు పలక మీద జారడం నాకు కనబడింది.

"వదిలేసెయ్ సలోమీ, పక్కకి జరుగు," అన్నాను.

జరగలేదు. ముడి వేసేవాడు మోకు లాగుతున్నాడు. నేను కింది నుంచి బల్లను ఎత్తి పట్టాను, నాకు తోడు సూపర్‌వైజరు గారు ఎప్పుడు ఎక్కాడో తెలియదు, ఆయనా పట్టాడు. ముడి పడింది. మోకులు బిగిశాయి. బరువు ఆమె భుజం మీంచి బల్ల మీదికి మారింది. అప్పుడు మాత్రమే ఆమె ఏడ్చింది.

బొమ్మ పరుపుల మీద వెల్లకిలా కాకుండా బోర్లా దిగింది. ఒక మూల విరిగింది, మిగతాదంతా చెదరలేదు. గోడను పట్టుకోనివ్వని ఆ సున్నమే దాన్ని మాకు చెదరకుండా వదిలిపెట్టింది. వీపంతా తెల్లగా ఉంది. కరుణమ్మ వచ్చి వంగి దాని మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు చూసుకుంది. గోడ మీద గాట్లు చూసింది. కోడలి వంక చూడకుండా చీపురు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

పక్క తలుపు

పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురు పక్క తలుపులోంచి లోపలికి వెళ్ళింది. ఏసురత్నం మాతో మాట్లాడలేదు.

ఆ వారం సలోమీ నేనూ గోడను మళ్ళీ గీకాం. ఇటుక ఎర్రగా తేలేదాకా ఉలితో కొట్టి, కడిగి, తడిపి, ముందు పలచటి పూత వేసి, బొమ్మను మూడు భాగాలుగా చేసి ఎక్కించాం. విరిగిన మూల కొత్తగా చేశాం. గుడ్డ తడిపి ఊడదీసి, తగినన్ని రోజులు ఆగాక ఆమె చేతికే తాపీ ఇచ్చి కొట్టమన్నాను. ఎక్కడ కొట్టినా పొడిగా, కురచగా మోగింది. నేను నా చెవిని నమ్ముతాను, ఆ రోజు ఆమె చెవిని కూడా నమ్మాను.

ఊరివాళ్ళు మాత్రం నమ్మలేదు. బొమ్మ ముందుకు వంగడం అందరూ కళ్ళారా చూశారు. పెద్ద గుమ్మం తెరిచే ఉన్నా అందరూ పక్క తలుపులోంచే వెళ్ళేవాళ్ళు. ఇంట్లో కరుణమ్మ కోడలితో ఒక్క మాటా మాట్లాడటం లేదని తెలిసింది. సూపర్‌వైజరు గారు నాతో ఉన్నమాటే అన్నాడు. సొంత ఊరివాళ్ళే ఆ గుమ్మంలో అడుగు పెట్టకపోతే ఆమెకు వేరే ఊళ్ళో పని ఎలా ఇప్పిస్తానన్నాడు. ఆదివారం వచ్చి చూస్తానని, అప్పటికీ ఇంతే అయితే ఆమెను మిర్చి కోతలకే పొమ్మని చెప్పాల్సి వస్తుందని అన్నాడు. ఆయన్ను తప్పుపట్టలేకపోయాను.

ఆదివారం నేనూ వెళ్ళాను. గంట మోగింది. జనం ఎప్పటిలాగే పక్కకు తిరిగారు. సలోమి పాపను ఎత్తుకుని వచ్చి, పెద్ద గుమ్మం గడప మీద, సరిగ్గా ఆ బొమ్మ కింద కూర్చుంది. టిఫిన్ బాక్సు మూత తీసి పాపకు పప్పన్నం కలిపి పెట్టడం మొదలుపెట్టింది. తొందరేమీ లేదు. ఒక ముద్ద పెట్టి, పాప నమిలేదాకా ఆగి, ఇంకో ముద్ద.

నాకు ఒళ్ళు మండింది. దగ్గరికెళ్ళి, కన్నబిడ్డను హామీగా పెడతావా, లోపలికి తీసుకుపో అని కేకలేశాను.

"చప్పుడు మీరు విన్నారు, నేను విన్నా," అంది. "వాళ్ళకి వినపడదు కదండి. ఎట్టా చెప్పను?"

పిల్లలూ, ఇలా చెయ్యమని నేను మీకు నేర్పడం లేదు. బిడ్డను తీసుకొచ్చి ఏ పని కిందా కూర్చోబెట్టకూడదు. అది నా అభిప్రాయం, ఇప్పటికీ మారలేదు. కానీ ఆ గోడకు గాట్లు పెట్టిన చేతుల్లో రెండు నావి. ఆమెకు పని నేర్పిన గొంతు నాది. నేను చెప్పులు విడిచి వెళ్ళి పాపకు అటుపక్క గడప మీద కూర్చున్నాను. తల పైకెత్తి చూడబుద్ధి కాలేదు. భయం వెయ్యలేదంటే అబద్ధం.

జనం పక్క తలుపు దగ్గర ఆగిపోయి మా వైపు చూస్తున్నారు. సూపర్‌వైజరు గారు స్కూటరు స్టాండు కూడా వెయ్యకుండా నిలబడ్డాడు. లోపల పాట మొదలుపెట్టాలో వద్దో తెలియక పాస్టరు గారు ఊరుకున్నారు. గంట తాడు వదిలేసి కరుణమ్మ వచ్చింది. నెత్తిన ముసుగు, చంకలో బైబిలు. మా ముందుకొచ్చి ఆగింది. పాప మూతికి అంటిన పప్పు కొంగుతో తుడిచింది.

"గుమ్మంలో అన్నమేందే," అంది కోడలితో. "లెగు. జనానికి దారియ్యి."

పాపను ఎత్తుకుని, పైకి చూడకుండా, మా మధ్యలోంచి లోపలికి నడిచింది. ఏసురత్నం పక్క తలుపు దగ్గర్నుంచి తిరిగొచ్చి పెద్ద గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. మేం లేచి దారిచ్చాం.